మార్జిను దాటని ఉత్తరాలు

జూన్ 20

ఒరేయ్ తమ్ముడూ,

నీ కూతురు క్షేమంగా చేరింది. బస్సు దిగీ దిగగానే డ్రైవరు నాతో అన్న మొదటి మాట, "అమ్మా, ఈ పిల్ల మీ తాలూకేనా? దారి పొడుగునా నాకు కునుకు పట్టకుండా చూసుకుంది" అని. మెచ్చుకున్నాడో మొత్తుకున్నాడో తెలియలేదు. మీరు దాన్ని చిటపట అని ఎందుకు పిలుస్తారో ఇంటి గుమ్మం ఎక్కేలోపే అర్థమైంది నాకు.

మర్నాడు పొద్దున్నే మీ బావ గడియారాల కొట్లో చేరి, "గడియారం ఆగిపోతే లోపలి టైము ఎటు పోతుంది మామయ్యా?" అని అడిగిందట. ఆయన ఎవరైనా గట్టిగా పలకరిస్తేనే స్క్రూ కింద పడేసుకునే మనిషి. సాయంత్రం ఇంటికొచ్చి, "దానికి ఏం చెప్పాలి?" అని నన్ను అడిగారు. నేను లెక్కలూ భాషా చెప్పే టీచర్నే గానీ, అలాంటివి మా సిలబస్‌లో లేవన్నాను.

ఐదో తరగతిలో చేర్పించాను. నా క్లాసే. హెడ్‌మాస్టరమ్మ, "సొంత మేనకోడలు కదా, రేపు ఎవరూ మనల్ని వేలెత్తి చూపకుండా చూసుకోండి" అంది. అంటే మిగతా పిల్లలకి ఒక దెబ్బయితే దీనికి రెండన్నమాట. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు మరి.

మొదటి వారమే 'మా ఇల్లు' వ్యాసం వచ్చింది. ఏటా రాసినట్టే బోర్డు మీద రాశాను, 'మా ఇంటి ముందు చక్కని తోట కలదు' అని. అందరూ ఎక్కించుకున్నారు. ఇది మాత్రం ఏం రాసిందో తెలుసా? 'మా ఇల్లు రేకులది. పని అయిపోతే విప్పి లారీ ఎక్కిస్తారు. మా కిటికీ ఒకటే, కానీ ప్రతి చోటా వేరే కొండ చూపిస్తుంది.' స్టాఫ్ రూములో పైకి చదివి అందరం నవ్వుకున్నాం. తర్వాత కొట్టేసి, తోట ఉన్నదే రాయించాను. ఏం చెయ్యమంటావు, పరీక్షలో తోట ఉంటేనే మార్కులు.

మీకు అదేదో పెద్ద కట్ట రాసింది. నేను చదవలేదు, అలాగే పెట్టి పంపుతున్నాను. మరదల్ని బెంగ పెట్టుకోవద్దని చెప్పు.

మీ అక్క


జూలై 4

అక్కా,

ఇందులో తప్పులు లెక్కపెట్టకు. నేను చదువుకున్న బడి నీకు తెలుసు, ఎందుకు మానేశానో కూడా తెలుసు.

సొరంగంలో రాయి పేల్చాక పొగ పోయేదాకా ఎవరూ లోపలికి వెళ్లకూడదు. ఆ పొగ బయటికి పంపించి మంచి గాలి లోపలికి తోయడమే మా ఫ్యాన్ల పని, ఆ ఫ్యాన్లు ఆగకుండా చూడటం నా పని. ఇప్పుడు ఫ్యాను తిరుగుతోంది, నేను పక్కన డ్రమ్ము మీద కూర్చుని ఇది రాస్తున్నాను. అక్షరాలు వణికితే అది నా చెయ్యి కాదు, డ్రమ్ము.

చిటపట రాసింది ఉత్తరం కాదే, ఊరేగింపు. నీకు బడికి ఒక ముఖమూ ఇంటికి ఒక ముఖమూ ఉన్నాయట, రెండూ గుమ్మం దగ్గర మార్చుకుంటావట. బావ ఇంకా టైము సంగతి చెప్పలేదట, రోజూ తప్పించుకు తిరుగుతున్నాడట. బడి గంట ఇనప పట్టా ముక్కట, అది మోగినప్పుడల్లా నాన్న సామాన్ల షెడ్డు గుర్తొస్తుందట. మధ్యలో బొమ్మలు. మీ మరదలు ఆ ఉత్తరాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లి కట్లు కట్టించుకోవడానికి వచ్చినవాళ్లందరికీ చదివి వినిపించింది. కాలి మీద రాయి పడినవాడొకడు గాయం కడుగుతుంటే అరవడం మానేసి, "తర్వాత ఏమైందమ్మా?" అని అడిగాడట. నర్సుగా ఇన్నేళ్లు చేశాను గానీ ఇలాంటి మందు చూడలేదని మురిసిపోతోంది.

తప్పులకైతే అంతే లేదు. "మీ పిల్ల రాసింది చదవడానికి చదువు చాలదు, ధైర్యం కావాలి" అన్నాడు కాంపౌండరు. ఇంట్లో టీచరుండి ఈ రాతేమిటే అక్కా? కాస్త దిద్ది పంపరాదూ?

ఈ పని అయ్యేదాకా సెలవు దొరకదు. ఇక్కడ బడి ఉంటే దాన్ని పంపేవాళ్లమే కాదు. నీ దగ్గరుంది కాబట్టి గుండె మీద చెయ్యేసుకుని పడుకుంటున్నాం.

నీ తమ్ముడు


ఆగస్టు 11

తమ్ముడూ,

మీ కాంపౌండరు మాట నాకు బాగానే గుచ్చుకుంది. ఇరవై ఏళ్లుగా ఊళ్లో పిల్లలందరి రాతా దిద్దిన దాన్ని, నా మేనకోడలి ఉత్తరం చదవడానికి ధైర్యం కావాలా? అందుకని నడుం బిగించాను.

ఇప్పుడు ఆదివారం ఆదివారం మీకు రాసే ఉత్తరం ముందు చిత్తుగా రాస్తుంది. నేను ఎర్రసిరాతో దిద్దుతాను. అది మార్జిను గీసుకుని సాఫుగా ఎక్కిస్తుంది. కొట్టివేతలుంటే మళ్లీ మొదటి నుంచి. పాఠంలో ఉత్తరం నమూనా ఎలాగూ ఉంది, 'మీరు రాసిన ఉత్తరము అందినది, చదివి చాలా సంతోషించితిని, నేను ఇచ్చట క్షేమము' అని. దాని ప్రకారం రాస్తే ఇటు మీకూ చదవడానికి హాయి, అటు పరీక్షకీ పనికొస్తుంది. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు.

మొదట్లో మొండికేసింది. ప్రశ్నలు పుస్తకంలో అచ్చయి ఉన్నాయి కదా, వాటిని మళ్లీ నోటుపుస్తకంలో ఎందుకు రాయాలని నిండు క్లాసులో అడిగింది. "అత్తయ్యా" అని కూడా అంది. పిల్లలంతా గొల్లుమన్నారు. అదే సమయానికి హెడ్‌మాస్టరమ్మ వరండాలో ఉంది. ఇంకేం చేస్తాను, ఆ పాఠంలో ప్రశ్నలన్నీ మళ్లీ మళ్లీ రాసుకు రమ్మన్నాను. ఇంటికొచ్చి వేలు నొక్కుకుంటూ రాస్తుంటే పక్కన కూర్చుని పాలు చల్లార్చి ఇచ్చాను. నీతో అంటే ఏం, అది అడిగినదాంట్లో తప్పేం లేదు. నేను మాత్రం చేస్తున్నదేమిటి? నిరుటి పాఠ్య ప్రణాళిక తేదీలు మార్చి ఈ ఏడాది పుస్తకంలోకి ఎక్కిస్తున్నాను. తనిఖీకి వచ్చేవాడు పేజీ తిప్పి సంతకం పెడతాడు, చదవడు. గాడిద చాకిరీ. కానీ దానికి ఆ మాట చెప్పలేను కదా. మా బడి వరండా గోడ మీద ఇంతింత అక్షరాలతో రాసి ఉంది, 'మొక్కై వంగనిది మానై వంగునా' అని.

ఇప్పుడు దారిలో పడింది. క్లాసులో నోరెత్తదు. అలవాటైపోయి ఇంట్లో కూడా నన్ను టీచర్ అనే పిలుస్తోంది. మీ బావ, "ఇక నన్ను ప్యూన్ అంటుందేమో" అని నవ్వుతున్నారు.

మరదలికి ఆశీస్సులు.

అక్క


సెప్టెంబరు 15

అక్కా,

ఈసారి ఉపోద్ఘాతం లేకుండా రాస్తున్నాను, ఏమనుకోకు.

చిటపట ఆరోగ్యంగా ఉందా? జ్వరం ఏమైనా వచ్చి మాకు చెప్పలేదా? దాని ఉత్తరాలు వస్తున్నాయి. ముత్యాల్లాంటి అక్షరాలు. కానీ పోయిన నెల వచ్చినదీ ఈ నెల వచ్చినదీ పక్కపక్కన పెట్టి చూస్తే తేదీ తప్ప తేడా లేదు. క్షేమము, సంతోషించితిని, నా చదువు బాగుగా సాగుచున్నది. ఒక్క బొమ్మ లేదు. బావ సంగతి లేదు. నీ మీద ఒక్క చాడీ లేదు. మీ మరదలు కాగితం తిప్పి వెనకవైపు కూడా చూస్తోంది, అక్కడేమైనా రాసిందేమోనని.

దాన్ని దూరం పంపేశామని మా మీద అలిగిందని మీ మరదలి అనుమానం. నేను మాత్రం వేరేగా అనుకుంటున్నాను. నువ్వు ఉద్యోగం చేసుకుంటూ, ఇల్లు చూసుకుంటూ, పిల్లని కూడా చూడటమంటే మాటలు కాదు. అది వాగుడుకాయ. భారంగా ఉంటే దాచకుండా చెప్పు. మొహమాటపడకు. వేరే దారి ఆలోచిస్తాను.

నీ తమ్ముడు


సెప్టెంబరు 27

తమ్ముడూ,

భారమా? ఆ మాట రాయడానికి నీకు చేతులెలా వచ్చాయిరా?

దానికి జ్వరం లేదు, జలుబు లేదు. మూడు నెలల పరీక్షల్లో క్లాసు ఫస్టు వచ్చింది. లేఖా రచనలో నిండు మార్కులు. దాని నోటుపుస్తకం హెడ్‌మాస్టరమ్మ పై తరగతుల వాళ్లకి కూడా చూపించింది. ఇంత చేసి నేను నిష్ఠూరం మూటగట్టుకున్నాను. దిద్ది పంపమన్నది నువ్వు కాదా? నీ ఉత్తరం నా దగ్గరే ఉంది, చూసుకుంటావా? తిట్టే నోరూ నీదే, అడిగే నోరూ నీదే.

అలిగిందీ లేదు, ఏమీ లేదు. బడికెళ్లే పిల్ల ఇలాగే ఉంటుంది. దాని వయసు పెరుగుతోంది. కొండల్లో తిరిగినన్నాళ్లు చెల్లింది, ఎప్పుడూ చెల్లుతుందా? వాగడం తగ్గితే బుద్ధి వచ్చిందని సంతోషించాలి గానీ, బొమ్మ లేదని ఏడుస్తారా ఎవరైనా?

మీ బావ కూడా ఈ మధ్య ఇల్లు బోసిగా ఉందంటున్నారు. మగవాళ్లందరూ ఒకటే.

అక్క


అక్టోబరు 30

అక్కా,

నీకు విడిగా కార్డు రాశాను, మీ మరదలు ఆసుపత్రి మెట్ల మీద జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకుందని. చిటపటకి కూడా నేనే వేరే రాశాను. భయపడకుండా ఉండాలని నెమ్మదిగా రాశాను, అమ్మకి కట్టు కట్టారు, జడ కూడా వేసుకోలేకపోతోంది, నువ్వుంటే వేసేదానివి, అని.

జవాబు వచ్చింది. మీ మరదలు కాగితం ఒంటి చేత్తో విప్పలేకపోయింది కాబట్టి నేనే పైకి చదివాను. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

'పూజ్యులైన తల్లిదండ్రులకు నమస్కారములు. మీరు రాసిన ఉత్తరము అందినది. అమ్మ చెయ్యి విరిగినదని తెలిసినది. చదివి చాలా సంతోషించితిని. నేను ఇచ్చట క్షేమము.'

మీ మరదలు ఇంకోసారి చదవమంది. చదివాను. ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది.

ఇది నా కూతురు రాసిన మాట కాదక్కా. దాని చేత్తో ఎవరో రాయించిన మాట. దిద్దమన్నాను, నిజమే. ఏ తల్లిదండ్రులు అనరు ఆ మాట? నేను మాట వరసకు అన్నదేదో మనసులో అన్నదేదో నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? నన్ను ఎత్తుకు పెంచినదానివి. మీ వరండాలో మొక్కను వంచమని రాశారు సరే, విరవమని రాయలేదు కదా.

నాకు క్లాసు ఫస్టు అక్కర్లేదు. నా పిల్లని నాకు పంపించెయ్.

తమ్ముడు


నవంబరు 6

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివాను. నిన్ను తిట్టడానికి పెన్ను తీసి, పక్కన పెట్టి, మళ్లీ తీశాను. ఇప్పుడు తిట్టడానికి కాదు.

నువ్వు దానికి రాసిన ఉత్తరం వచ్చిన రోజు అది భోజనం ముట్టుకోలేదు. మంచం కిందికి దూరి ఏడ్చింది. మీ బావ నేల మీద పడుకుని, చెయ్యి లోపలికి చాపి, దాని చెయ్యి పట్టుకుని అలాగే ఉన్నారు. ఇదంతా నేను చూశాను. చూసిన దాన్ని నేనే, ఆదివారం దాని జవాబు దిద్దిన దాన్ని నేనే. ఆ రోజు క్లాసు మొత్తం పుస్తకాలు నా ముందున్నాయి. దాని కాగితం కూడా ఆ దొంతరలోనే పెట్టింది. మార్జిను చూశాను, ఒత్తులు చూశాను, కింద 'బాగుంది' అని రాసి ఇచ్చాను. సాఫు చేసి తెస్తే కవరులో పెట్టి నేనే అంటించాను. నిజం చెబుతున్నాను, ఆ వాక్యం నా కంటి ముందు నుంచి వెళ్లిపోయింది, నాకు కనబడలేదు.

నీ ఉత్తరం వచ్చాక దాన్ని పిలిచి అడిగాను, అమ్మ చెయ్యి విరిగితే సంతోషించావా అని. అది నా వైపు వింతగా చూసింది. "అందినది తర్వాత అదే రావాలి కదా టీచర్" అంది.

"నీకు ఏడుపు వచ్చింది కదమ్మా, ఆ మాట ఎందుకు రాయలేదు?" అన్నాను.

"అది ఎక్కడ రాయాలి? దానికి చోటు లేదుగా. వేరేది రాస్తే మీరు కొట్టేస్తారు, మళ్లీ మొదటి నుంచి రాయాలి" అంది. ఎదురు చెప్పినట్టు కూడా కాదురా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది నా పని. మరదలికి ఏ ముఖం పెట్టుకుని రాయను? ఆ పిల్ల మనసులో సంతోషం లేదని, ఉన్నదంతా ఏడుపేనని మరదలికి నువ్వే నచ్చజెప్పు.

మీ బావ కొట్టు మూసి ఎల్లుండి బస్సుకి తనే తీసుకొస్తున్నారు. పత్రాలు ఇస్తూ హెడ్‌మాస్టరమ్మ, "క్లాసు ఫస్టు పిల్లని ఎవరైనా మాన్పిస్తారా?" అంది. సంతకం పెట్టి వచ్చేశాను.

అక్క


డిసెంబరు 2

అక్కా,

కోపంలో నీకు అనరానివి రాశాను. మనసులో పెట్టుకోకు. బావ ఇక్కడ రెండ్రోజులుండి, వెళ్తూ వెళ్తూ మా గోడ గడియారం బాగు చేసి, "మీ అక్క సరిగ్గా తినడం లేదోయ్" అన్నాడు. దిద్దమన్నది నేనే. సగం పాపం నాది. దాన్ని నీకొక్కదానికే అంటగట్టి నేను పెద్దమనిషినయ్యాను.

చిటపట బాగానే ఉంది. అమ్మకి రోజూ జడ వేస్తోంది. వేసి, వెనక్కి జరిగి, "సరిగ్గా ఉందా?" అని అడుగుతుంది. బాగుందన్నా పాయ వంకరగా ఉందని మొత్తం విప్పి మళ్లీ వేస్తుంది.

నిన్న అవతలి వైపు నుంచి తవ్వుకొస్తున్నవాళ్లు మమ్మల్ని కలిశారు. చివరి రాయి పడ్డాక మేస్త్రీ నా ఫ్యాన్లు ఆపమన్నాడు. ఆపాను. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత అవతలి నుంచి గాలి వచ్చింది, చల్లగా, తడి మట్టి వాసనతో. ఇన్నేళ్లుగా లోపలికి గాలి తోసినవాణ్ణి, నేను తోయకుండా దానంతట అదే వచ్చిన గాలి ముందు నిలబడిపోయాను. అందరూ టోపీలు ఎగరేశారు. చిటపటని భుజం మీద కూర్చోబెట్టుకున్నాను, దాని జుట్టంతా వెనక్కి ఎగురుతోంది. చూడమ్మా, కొండ అవతలి గాలి ఇది అన్నాను.

అది కాసేపు చూసి, "దీని గురించి ఎన్ని వాక్యాలు రాయాలి నాన్నా?" అంది.

ఏమీ రాయక్కర్లేదన్నాను.

"అయితే ఎందుకు చూపిస్తున్నావు?"

కొండ తొలిచిన వాళ్లందరూ అక్కడే ఉన్నారు, ఎవరిని అడగను? దించి, చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను.

ఇక్కడ పని అయిపోయింది కాబట్టి రేకులు విప్పుతున్నారు. వచ్చే ఏడు ఎక్కడుంటామో, దాన్ని ఏ బడిలో వేస్తామో తెలియదు. నీకు ఉత్తరం రాయమని చెప్పాను. ఏం రాయాలని అడిగింది, నీ ఇష్టం అన్నాను. రాసింది, దీంతో పెడుతున్నాను. నేను చదవలేదు, మొదట్లో నువ్వు చదవకుండా పంపావు కదా, అలాగే.

నీ తమ్ముడు


డిసెంబరు 20

తమ్ముడూ,

నాకు నీ మీద కోపం లేదు. మీ బావ చాడీలు నమ్మకు, తింటూనే ఉన్నాను.

పోయిన వారం క్లాసులో 'మా ఇల్లు' మళ్లీ వచ్చింది. ఈసారి బోర్డు మీద ఏమీ రాయలేదు. మీకు తోచింది రాయండర్రా అని కుర్చీలో కూర్చున్నాను. పిల్లలు పెన్నులు పట్టుకుని నా వైపే చూస్తున్నారు. మార్జిన్లు గీసుకున్నారు. తేదీ వేసుకున్నారు. ఇంకేం చెయ్యాలో తెలియక మళ్లీ చూశారు. చివరికి ముందు బెంచీ పిల్ల లేచి, "టీచర్, మీకు ఒంట్లో బాగాలేదా? బోర్డు మీద నేను రాయనా?" అంది. జూన్‌లో రాసుకున్న పుస్తకం చూసి తనే రాసింది కూడా, 'మా ఇంటి ముందు చక్కని తోట కలదు' అని. అందరూ హమ్మయ్య అనుకుని తలలు వంచారు. మా వీధిలో ఒక్క ఇంటి ముందు కూడా తోట లేదురా. ఇన్నేళ్లలో ఆ సంగతి నాకు ఆ రోజే గుర్తొచ్చింది.

చిటపట ఉత్తరం అందింది. నువ్వు చదవలేదన్నావు, నేను చదువుతుంటే నువ్వు పక్కనుంటే బాగుండేది అనిపించింది.

'గౌరవనీయులైన టీచరు గారికి' అని మొదలుపెట్టింది. అందినది, సంతోషించితిని, క్షేమము, అన్నీ వాటి వాటి చోట్ల ఉన్నాయి. సొరంగం గురించి ఒక వాక్యం ఉంది, 'కొండకు రంధ్రము చేయబడినది' అని. కింద కుడివైపు గీతలు గీసి చిన్న గడి వదిలింది. మార్కులు వేయడానికి.

మీ బావకి చూపించాను. గడియారాలు విప్పేటప్పుడు పెట్టుకునే కంటి అద్దం తీసి పక్కన పెట్టి చదివారు. ఆ టైము ప్రశ్నకి ఆయనకి ఇప్పటికి ఏదో జవాబు తట్టిందట. ఏమిటో నాకు చెప్పరట. "నేను చెబుతాను గానీ, ముందు దాన్ని మళ్లీ అడగమను" అన్నారు. ఆ మాట దాని చెవిన వెయ్యి. ఒకసారి చెబితే వినకపోవచ్చు, వేస్తూ ఉండు.

వేసవి సెలవులకి నేనే వస్తాను. టీచరు ముఖం గుమ్మం దగ్గరే వదిలేసి వస్తాను. అది నన్ను మళ్లీ ఏమని పిలుస్తుందో తెలియదు, ఏమని పిలిచినా పలుకుతాను. మరదలి చెయ్యి ఎలా ఉందో రాయి. చలికి నొప్పి పుడుతుంది, జాగ్రత్త.

దాని ఉత్తరం ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను. పొద్దుటి నుంచి ఎన్నిసార్లు చదివానో. ఒక ఒత్తయినా పోయిందేమో, ఒక అక్షరమైనా మార్జిను దాటిందేమో, ఎక్కడైనా ఒక చిన్న తప్పు చేసిందేమోనని వెతుకుతున్నాను. ఒక్కటంటే ఒక్కటి కూడా లేదురా తమ్ముడూ.

అక్క